డిగ్రీపుల్ల గర్వభంగం

నేను ఒక గాజు గొట్టాన్ని. ఉప్పునీళ్లలో వదిలితే నిటారుగా తేలుతూ ఆ నీరు ఎంత చిక్కనో అంకెల్లో చెబుతాను. పుస్తకాల్లో నా పేరు హైడ్రోమీటరు. శ్రీకాకుళం తీరాన ఉప్పు మడుల్లో మాత్రం అందరూ డిగ్రీపుల్ల అనేవారు. గాజు ఊదే పనివాడొకడు నా పొట్టలో సీసపు గుళ్లు పోసి, మెడలో అంకెల కాగితం పెట్టి మూతి మూసేశాడు. అప్పటినుంచి నా అంత నిక్కచ్చి మనిషి లోకంలో లేడనుకునేదాన్ని. మనిషినట! పొగరు కాకపోతే ఏమిటి?

నా మొదటి యజమాని మడుల మేస్త్రీ దాలినాయుడు. నన్ను తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డలా చంకన పెట్టుకుని గట్ల మీద తిరిగేవాడు. సముద్రపు నీరు మడి నుంచి మడికి మారుతూ ఎండకు చిక్కబడుతుంది. నేను పాతిక డిగ్రీలు చూపించానంటే ఇక ఉప్పు దిగుతుందన్నమాట. అయితే మడుల్లో పనిచేసే కొర్లమ్మకు నాతో పనే లేదు. వేలు ముంచి నాలుక మీద రాసుకుని, "పాతిక్కి ఒక్క పిసరు తక్కువుంది, నాయుడు బాబూ" అనేది. నన్ను ముంచి చూస్తే సరిగ్గా అంతే ఉండేది.

"నీ నాలికే సాలితే ఈ పుల్లెందుకే మరి!" అని మేస్త్రీ కసిరేవాడు. నాకూ ఒళ్లు మండేది. చదువూ సంధ్యా లేని నాలుకతో నాకు పోటీయా?

పని మానుకున్న రోజున మేస్త్రీ నన్ను ఊరి హైస్కూలుకు ఇచ్చేశాడు. అక్కడ నా దశ తిరిగింది. ఉప్పునీళ్లలో కోడిగుడ్డు తేలే ప్రయోగం చేసినప్పుడల్లా దాని పక్కన నన్నూ నిలబెట్టేవారు. పిల్లలు చప్పట్లు కొట్టేది గుడ్డుకే అయినా, సగం నాకే అనుకునేదాన్ని.

ఒక ఏడాది జిల్లా సైన్సు ప్రదర్శనకు ఎనిమిదో తరగతి నీలవేణిని ఎంచారు. కొర్లమ్మకు మనవరాలు. దారానికి చిన్న ఉప్పు పలుకు కట్టి చిక్కని ఉప్పునీళ్లలో వేలాడదీసి, పెద్ద స్ఫటికంగా పెంచాలి. పెరిగితేనే ప్రయాణం. ఆ ఇంట్లో బడి తరఫున ఊరు దాటినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు.

మడిలో నీరు ముట్టుకుంటే కాంట్రాక్టరు ఊరుకోడు. అందుకని నీలవేణి కాలవలోకి వదిలేసిన నీళ్లు డబ్బాడు పట్టుకొచ్చింది. నన్ను ముంచారు. ముప్పై! పాతిక్కే ఉప్పు దిగుతుంటే ముప్పైకి ఇంకెంత దిగాలి? సైన్సు టీచరు సుగుణగారి ముఖం వెలిగింది. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

వారం గడిచింది. పలుకు ఆవగింజంతైనా పెరగలేదు. నీటి మట్టం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. ప్రదర్శనకు ఇక ఆరు రోజులే ఉన్నాయి. నీలవేణి ఇంట్లో అన్నం మానేసిందట. మర్నాడు కొర్లమ్మ మడుల నుంచి ఆ బురదకాళ్లతోనే ప్రయోగశాలకు వచ్చేసింది. 'ఇక్కడ ఏదీ నోట పెట్టరాదు' అన్న బోర్డు కిందే నిలబడి, బీకరులో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. తుపుక్కున ఊసింది.

"ఓలె గుంటా! ఇది సేదు నీరే. ఉప్పంతా దిగిపోనాక మిగిలిన నీరు. ఇది గాలిలో సెమ్మ తాగుతాది గానీ ఎండదు. అందుకే కదేటి మేం ఒగ్గేత్తాం!"

"మరి ముప్పై సూపించింది కదా మామ్మా..." అంది నీలవేణి ఏడుపు గొంతుతో.

"పుల్లకేటి తెల్సు? సిక్కదనం సెప్తాది. రుసి సెప్తాదేటి?"

సిగ్గుతో ఆ నీళ్లలోనే మునిగిపోవాలనిపించింది. కానీ నన్ను తేలడానికే చేశారు, మునగడం నాకు రాదు.

కొర్లమ్మ కొంగు ముడి విప్పి కల్లుప్పు తీసింది. కడిగి, మంచినీళ్లలో ఇక కరగనంత వరకు కలిపించి, గుడ్డతో వడకట్టించింది. మళ్లీ వేలు, మళ్లీ నాలుక. "పాతిక దాటి ఒక్కటి" అంది. నీలవేణి నన్ను మెల్లగా వదిలింది. ఇరవయ్యారు! ఆ ముసలిదాని మాట నా అంకెతో కలిసినందుకు జన్మలో మొదటిసారి సంతోషించాను.

ఐదో రోజుకు, అందులో వేలాడదీసిన పలుకు బఠాణీ గింజంత అయింది. నలుపలకలుగా, అద్దంలా మెరుస్తోంది. నీలవేణి జిల్లా ప్రదర్శనకు వెళ్లింది. వెంట నేనూ, కొర్లమ్మా.

న్యాయనిర్ణేత ఒకాయన చార్టు చదువుతూ 'ఉపయోగించిన పరికరాలు' దగ్గర ఆగిపోయాడు. "బీకరు, దారం, హైడ్రోమీటరు ఉన్నాయి. ఈ చివరిది ఎక్కడమ్మా?" అన్నాడు. కొర్లమ్మకు అక్షరం ముక్క రాదు. మనవరాలు చెవిలో ఏదో చెప్పింది. ఆమె సిగ్గుపడుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసేసి, నోరు తెరిచి చూపించింది. హాలంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. చేతులు జోడించాడు.

ఇప్పుడు నేను బడి బీరువాలో ఉంటున్నాను. మెడలో కాగితం పసుపు పచ్చబడింది. ఎదురుగా గోడ మీద ఆ చార్టు ఇంకా ఉంది. తలుపు తెరిచినప్పుడల్లా నా పేరు చదువుకుంటాను, దాని కింద గుండ్రని అక్షరాలతో ఉన్న మాటలూ చదువుకుంటాను: 'మా మామ్మ నాలుక.'