గాలి కొట్టని ట్యాంకు

అయినా ముప్పై ఏళ్లు మిల్లులో ఫిట్టరుగా చేసినవాడిని, మిషను ఒంటి మీద చెయ్యి వేసి ఏ బేరింగు అరిగిందో చెప్పినవాడిని, ఈ బావి మోటారు నాకు లొంగకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను, అందుకే గోడ అవతలి ప్లంబరు అణ్ణాదురై నేనొచ్చి బిగించేదా అన్నా అని అడిగితే వద్దు తంబీ, నీళ్లొచ్చినాక చూసిపోదువుగాని అన్నాను, అన్నానే గాని పొద్దెక్కి మా ఊరు పిళ్ళైచావడి సముద్రం మీది ఉప్పుగాలి ముఖాన కొడుతోంది, మోటారు టక్కుమని తిరుగుతుంది, టక్కుమని ఆగుతుంది, మళ్లీ టక్కు, కొత్త స్నానాలగదిలో షవరు కింద నిలబడ్డ నా పెళ్లాం చంద్ర అరుస్తోంది, ఏమయ్యా, నీళ్లు దగ్గుతా ఉండాయే, నెత్తిన సీకాయ పెట్టుకొని ఎంతసేపు నిలబడేది, వస్తాయి ఉండవే అంటున్నాను, ఎట్లా వస్తాయో నాకే తెలియదు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ చంద్ర కుడి భుజం తిప్పి చూసి ఇక చేంతాడు ముట్టవద్దు అన్న రోజే మోటారు కొనాలనుకున్నాను, ఇంటి పైన ట్యాంకు పెడదామంటే మాది నాటుపెంకుల ఇల్లు, అంత బరువు మోయదు, టౌనులో అంగడాయన ఈ నీలం ట్యాంకు చూపించాడు, నడుమెత్తు కూడా లేదు, లోపల రబ్బరు సంచి, నీళ్లను బిగించి పట్టుకుంటుంది, కుళాయి తిప్పగానే తోస్తుంది, నేలమీదే ఉంచుకోండి అన్నాడు, భలే అనుకున్నాను, ఇప్పుడు చూస్తే తోయడం లేదు, దగ్గుతోంది, పైపు అతుకులన్నిటికీ సబ్బునురగ పూశాను, ఒక్క బుడగ లేదు, బావి అడుగున వాల్వు బాగానే ఉంది, ఇట్లాగే టకటకలాడితే సాయంత్రానికి మోటారు కాలిపోతుంది, నా మాటా కాలిపోతుంది, అదిగో గోడ మీద అణ్ణాదురై తల, నవ్వుతున్నాడా, నవ్వడం లేదు, నవ్వుతున్నాడు.

పాతచీర చుట్టుకొని, సీకాయ కారకుండా ఒక కన్ను మూసుకొని చంద్రే బయటికి వచ్చింది, ఏందయ్యా, ఆ ట్యాంకు నెత్తిన సైకిలు ట్యూబుకుండే మాదిరి మూతి ఉండాదే, దానికి గాలి కొట్టినావా, నీకేం తెలుసే అనబోయాను, అంతలో గుర్తొచ్చింది, అవును, అంగడాయన గాలి సంగతి ఏదో చెప్పాడు, అప్పుడు నేను ఆయనకి మిల్లులో బాయిలరు బాగుచేసిన కథ చెబుతున్నాను, చంద్ర పక్కన నిలబడి ఆయన మాట వింది, మేకుతో ఆ మూతి నొక్కాను, బుస్సు లేదు, తుస్సు లేదు, గాలే లేదు, గాలి లేకుంటే ఆ రబ్బరు సంచిని నొక్కి నీళ్లను తోసేదేముంది.

తంబీ, ఒకసారి ఇట్లా రా అన్నాను, అనడం అంత కష్టమేమీ కాలేదు, అణ్ణాదురై గోడ దూకి సైకిలు పంపూ గాలి కొలిచే గేజీ తెచ్చాడు, మోటారు ఆపి ట్యాంకులో నీళ్లన్నీ వదిలేసి వంతులవారీగా కొట్టాం, నాకు ఆయాసం, వాడికి నవ్వు, గేజీలో ముల్లు ఇరవై ఎనిమిది దగ్గరికి రాగానే చాలన్నా అన్నాడు, ఈ ఇంట్లో ఫిట్టరు ఎవురో ఇప్పుడు తెలిసిపోయిందన్నా అన్నాడు, చంద్ర సీకాయ తలతోనే పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను, స్విచ్చి వేశాను, మోటారు నింపాదిగా తిరిగింది, తిరిగి తిరిగి ఒకే ఒక్క టక్కు, ఆపైన నిశ్శబ్దం, చంద్ర లోపలికి పరుగెత్తింది, తలుపు పడింది, షవరు నీళ్లు సిమెంటు నేల మీద జోరున కురిశాయి, లోపల ఏదో కూనిరాగం.

అణ్ణాదురై వెళ్లిపోయాడు, చేతులకి గ్రీజు, ఒంటికి చెమట, నేను తలుపు ముందు నిలబడ్డాను, పావుగంట, అరగంట, ఆమె బయటికి వచ్చేలా లేదు, ఇంకా ఎంతసేపే అని అరవబోయి తలుపు మీద వేసిన చెయ్యి తీసేశాను, ఆ రోజుల్లో షిఫ్టుకి పోవాలని రోజూ స్నానానికి మొదట నేను, తరువాత బడికి పోవాలని పిల్లలు, నేను గంజి తాగుతూ ఉంటే చంద్ర తోడి నింపిన డ్రమ్ము అడుగున చెంబు గీరుకునే చప్పుడు వినిపించేది, అది చంద్ర స్నానమని తెలుసు, మిగిలిందే ఆమెకని మాత్రం ఒక్కనాడూ తోచలేదు, నిదానంగా కానీలేవే అన్నాను, నీళ్ల హోరులో వినిపించిందో లేదో, బావి గట్టు మీద కూర్చున్నాను, పెళ్లయిన ముప్పై నాలుగేళ్లకి, ఈ ఇంట్లో, చంద్ర నాకంటే ముందు స్నానం చేస్తోంది.