ఇంటి కూలోళ్లు

ఆదివారం రాత్రి గుమ్మఘట్ట పక్క పల్లెలో మంచి వాన పడింది. తెల్లారేసరికి నేలకు పదును వచ్చింది. అంతకన్నా ముందే లింగప్ప నాలుకకు వచ్చింది.

మూడు రోజుల్లో ఆ తడి ఆరిపోతుంది. ఆలోగా విత్తనం పడకపోతే ఈ ఏడు చేను బీడే. విత్తనమేమో ఇంకా రెండు మూటల వేరుశనగ కాయల్లోనే ఉంది. మిషన్‌లో ఆడిస్తే పప్పు చిట్లి మొలక రాదు, చేత్తోనే ఒలవాలి. ఎప్పుడూ కూలికి ఒలిచే లక్ష్మక్కకు ఫోన్ చేశాడు.

"ఊరంతా ఈపొద్దే పిలుస్తాండారన్నా. బేస్తవారం దాకా నన్నడగొద్దు" అంది.

ఇంట్లో నలుగురున్నారు, ఎనిమిది చేతులు. వేరుశనగ తిని పెరిగినందుకేమో, ఎవరికి వారే వేరు. ఎవరి గది వారిది, ఎవరి గతి వారిది. లింగప్ప చిన్నతనంలో పదకొండు మంది ఒకే కుప్ప చుట్టూ కూర్చునేవారు. ఎవరినీ రమ్మని పిలిచిన గుర్తే లేదు.

కొడుకు తిప్పేష్ ఆటో తుడుస్తున్నాడు.

"రెండ్రోజులు బండి ఆపి కాయలు ఒలుద్దువు రారా."

"కిరాయి ఒప్పుకున్నా నాయనా. మాట పోతాది."

"నా చేను పోతే పోనీ అంటావు."

"నీ చేను నీది, నా ఆటో నాది. నిన్నెప్పుడన్నా ఆటో తోలమన్నానా?"

కోడలు ఉమాదేవి టిఫిన్ బాక్సు సర్దుకుని రాయదుర్గం బస్సు కోసం చూస్తోంది. అక్కడ జీన్స్ ప్యాంట్లు కుట్టే పని ఆమెది.

"మానుకుంటే నా కూలి పోతాది మామా. అదేందో నువ్వే ఇయ్యి, ఈడే కూచుంటా."

"ఇంటి కోడలికి కూలా?"

"లక్ష్మక్కకిస్తావు గదా. ఆమెవి చేతులు, నావి కాళ్లా?"

ఆమె అక్కడ కుట్టేది ప్యాంట్లను, ఇక్కడ కుట్టింది మామను. లింగప్ప భార్య వైపు తిరిగాడు. తిప్పమ్మ అప్పుడే డెయిరీకి పాలు పోసి వచ్చింది.

"నువ్వన్నా చెప్పవే దానికి."

"ఏం చెప్పాలయ్యా? ముప్పై ఏండ్లు ఊరికే ఒలిచినా. అడగొచ్చని నాకెవురూ చెప్పలేదు. నాకూ ఇయ్యి."

లింగప్ప మూట గుమ్మరించి ఒక్కడే కూర్చున్నాడు. పిడికెడు కోపం, గుప్పెడు పప్పు. బస్సు హారన్ వినబడేసరికి బొటనవేలి గోరు లేచింది గానీ గిన్నె అడుగు కూడా నిండలేదు. బయట ఎండ అప్పుడే చిటపటలాడుతోంది.

"సరే, ఇస్తా. అందురికీ ఇస్తా. రాండి."

ఉమాదేవి గడప దగ్గర నుంచే వెనక్కి తిరిగింది. కిరాయిని స్నేహితుడికి అప్పగించి తిప్పేష్ కూడా వచ్చాడు. పది గంటలకల్లా కుప్ప చుట్టూ కబుర్లు మొదలయ్యాయి. అత్తా కోడళ్లు ఏదో చెప్పుకుని పగలబడి నవ్వుతున్నారు. లింగప్పకు ఆ నవ్వు కూడా కూలికి వచ్చినట్టే అనిపించింది.

తిప్పేష్ రెండు కాయలు ఒలిచి, మూడోది నోట్లో వేసుకుని, ఫోన్ చూస్తున్నాడు. తిట్టడానికి లింగప్ప నోరు తెరిచాడు. కూలోళ్లను తిడితే రేపు రారు. మూసుకున్నాడు.

"మామా, పదకొండయితాంది. లక్ష్మక్కోళ్లకైతే టీ ఇస్తావు" అంది ఉమాదేవి.

లింగప్ప లేచి వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి వెలిగించాడు, నీళ్లు పెట్టాడు. డబ్బాలన్నీ మూతలు తీసి చూశాడు.

"ఏమే, చక్కెర యాడుండాది?"

"వెతుక్కో" అంది తిప్పమ్మ, చెయ్యి ఆపకుండా. "నేను పనిలో ఉండా."