కట్టి మరిచిన కొమ్మ

ఆ ఇంట్లో పొద్దున్నే నాలుగు కప్పుల టీ కలుస్తుంది. మూడింట్లో చక్కెర పడుతుంది, నాలుగోది చప్పగా ఉంటుంది. ఆ చప్పటి టీ కలిపేదీ ఆ ఇంటి కోడలే, తాగేదీ ఆవిడే. "నీకు పడదు కదా అమ్మాయ్, అలవాటు చేసుకోవాలి మరి" అని అత్తగారు ఎనిమిది నెలలుగా రోజూ గుర్తు చేస్తూనే ఉంది. నిజానికి కోడలికి షుగర్ లేదు. ఉందన్నది శుద్ధ అబద్ధం. ఆ సంగతి ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి నోరు విప్పదు, ఎందుకంటే అబద్ధమాడింది ఆ మనిషే.

ఆవిడ పని చేసేది రక్తపరీక్షల ల్యాబులో. పరగడుపున వచ్చి బెంచీల మీద వరసగా కూర్చునే జనం ఆవిణ్ణి సూదమ్మ అంటారు. మొదట్లో చిన్నబుచ్చుకునేది, ఇప్పుడు పిలిస్తే పలుకుతోంది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. ఎనిమిది నెలల కిందట ఓ మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ లేనప్పుడు, సూదమ్మ తన రక్తం తనే తీసుకుని, తనే పరీక్షించుకుని, వచ్చిన అంకెకి నోటితో ఇంకో నలభై కలిపి ఇంట్లో చెప్పింది. "బోర్డర్‌లో ఉందట. రోజూ పొద్దున ముప్పావుగంట నడవాలట." ఎవరన్నారని ఎవరూ అడగలేదు. "అయితే నడువు, టిఫిన్ వేళకి వచ్చేయ్" అన్నాడు భర్త. ఉద్యోగానికి కాకుండా, ఒంట్లో రోగం ఉందంటే తప్ప ఆ ఇంట్లో ఆడదాని కాళ్లకి గేటు దాటే దారి దొరకదని పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె బాగానే నేర్చుకుంది.

ఇంత అబద్ధం దేనికయ్యా అంటే, ఒక లకుముకిపిట్ట కోసం. ల్యాబుకి వెళ్లే దారిలో, మూతపడ్డ గిడ్డంగి గోడ వెనకాల ఒక మురుగు కాలువ ఉంది. ముక్కు మూసుకుని దాటేసే చోటది. ఆ అబద్ధానికి ముందు ఓ రోజు తుప్పుపట్టిన కడ్డీ మీద నీలంగా ఏదో మెరిస్తే ఆగింది. అది నీళ్లలోకి దూకి, చేపతో లేచి, కడ్డీకి చేపని రెండుసార్లు బాది మింగేసింది. అంతే. ల్యాబుకి పది నిమిషాలు ఆలస్యమైంది, యజమాని అందరి ముందూ "పెళ్లికి వచ్చినట్టు తీరిగ్గా వస్తున్నావే" అన్నాడు, బెంచీల మీద వాళ్లు నవ్వారు. ఎప్పుడైనా అయితే ఆ మాట రెండు రోజులు గుచ్చుకునేది. ఆ రోజు మాత్రం చెవికే ఎక్కలేదు. కళ్లనిండా ఆ నీలమే.

అల్మరాలో పాత కెమెరా ఒకటి పడుంది, కూతురి చిన్నప్పుడు స్కూలు డాన్సులు తీయడానికి కొన్నది. దాన్ని గుడ్డసంచిలో వేసి, పైన చిన్న తువ్వాలు కప్పి, రోజూ ఆరింటికి 'వాకింగ్'కి బయల్దేరేది సూదమ్మ. కాలువ గట్టున కొంగ ఎక్కడ నిలబడుతుందో, ముంగిస ఏ కన్నంలోంచి తొంగిచూస్తుందో, వానాకాలం ముందు తొండ మెడ ఎంత ఎర్రబడుతుందో అన్నీ ఆమెకి తెలిసిపోయాయి. "నడిచొస్తే సన్నబడాలి గానీ, బట్టలనిండా ఈ పల్లేరుకాయలేంటమ్మా?" అని కూతురు ఒకసారి అడిగితే, పెరట్లోకి వెళ్లి ఒక్కొక్కటీ ఏరిపారేసింది.

సంతోషంగా ఉండేదా అంటే, ఉండేది. కానీ ఆ సంతోషాన్ని ఊరికే ఉండనిచ్చేది కాదు. ఏ రోజు ఫొటో బాగా కుదిరితే ఆ రోజు ఇంట్లో ఒక కూర ఎక్కువ. ముంగిస దొరికిన రోజు ఇంటిల్లిపాది దుప్పట్లూ ఉతికి ఆరేసింది. కొంగ గొంతులో కప్ప అడ్డంపడ్డ ఫొటో వచ్చిన రోజు అత్తగారి మోకాళ్లకి గంటసేపు నూనె రాసింది. "ఏంటమ్మాయ్, ఇవాళ ఇంత ప్రేమ?" అని ఆవిడ మురిసిపోతుంటే సూదమ్మ తలెత్తలేకపోయింది. తనదే అయిన ముప్పావుగంటకి ఇంత శిక్ష ఎందుకు వేసుకుంటున్నావే అని అడిగే మనిషి ఆమెకి లేదు. చిన్నప్పట్నుంచీ ఊరికే కూర్చుంటే ఎవరో ఒకరు "పని లేదా?" అనేవాళ్లు. ఇప్పుడు ఎవరూ అనకపోయినా ఆ మాట లోపల దానంతటదే వినిపిస్తుంది.

గిడ్డంగి గోడని ఆనుకుని ఒక గుబురు పొద ఉంది. అందులో పిగిలిపిట్ట గూడు కట్టింది. మూడు గుడ్లు, తర్వాత మూడు పిల్లలు, ఒంటిమీద ఈక లేని మాంసం ముద్దల్లా. సూదమ్మ నాలుగు రోజులు చూసింది గానీ ఒక్క ఫొటో తిన్నగా రాలేదు. గూటి మీదికి ఒక కొమ్మ వాలి, ఆకులు అడ్డంపడి, పిల్లల మీద అంతా నీడే. మంగళవారం పొద్దున ఎండ ముచ్చటగా ఉంది. ఆశ పుట్టింది. మణికట్టుకి ఉన్న జుట్టు బ్యాండు, కూతురు వాడి పారేసిన నీలం రంగుది, తీసి ఆ కొమ్మని పక్కకి లాగి ఇంకో కొమ్మకి కట్టింది. "ఒక్క నిమిషమే తల్లీ, ఫొటో తీసి విప్పేస్తా" అని తీగ మీద కూర్చుని అరుస్తున్న పిట్టతో పైకే అంది. ఎండ తిన్నగా గూట్లో పడింది. మూడు నోళ్లు ఒక్కసారి తెరుచుకున్నాయి. తీసింది. అబ్బ! అలాంటి ఫొటో జన్మలో తీయలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. "అమ్మ మాత్రలు ఎక్కడ తగలెట్టావ్?" భర్త.

"ఫ్రిజ్ మీదే డబ్బాలో..."

"లేవిక్కడ! కళ్లు తిరిగి పడిపోయిందిక్కడ మనిషి!"

ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. డబ్బా ఫ్రిజ్ మీదే ఉంది, పదకొండేళ్లుగా ఉన్నచోటే. దానిమీద పేపరు మడిచి పడేసి ఉంది. ఆ ఇంట్లో పేపరు చదివే మనిషి ఒక్కడే. సూదమ్మ అది చూసింది. పేపరు తీసి మాత్ర అందించింది. ఈలోగా భర్త కళ్లు ఆమె మెడ దగ్గర ఆగిపోయాయి. కెమెరా సంచిలో పెట్టడం మరిచిపోయి, మెడలో వేసుకునే వచ్చేసింది.

"వాకింగంటే ఇదా?"

సూదమ్మ కెమెరా మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంట్లో మా అమ్మ చావుబతుకుల్లో ఉంటే నువ్వు పిట్టలకి ఫొటోలు తీస్తున్నావా?"

"చావుబతుకులేం లేవురా, కాస్త కళ్లు తిరిగాయంతే" అంది అత్తగారు. ఆ మాట ఎవరికీ వినపడలేదు. అరగంటలో ఆడపడుచు ఫోన్. "ఏంటొదినా, పిట్టలవెంట తిరుగుతున్నావట? అమ్మకేమన్నా అయ్యుంటే?" సూదమ్మ ఆ ఫోన్లో ఏడ్చింది. భర్త ముందు ఏడ్చింది. "తప్పయిపోయింది, ఇంకెప్పుడూ వెళ్లను" అని ఎన్నిసార్లందో లెక్కలేదు. అనడం కాదు, నమ్మింది కూడా. తన వల్లే ఆ ముసలిప్రాణం పడిపోయిందనీ, తను గట్టున నిలబడి నవ్వుకుంటున్న క్షణంలోనే ఆ తల తలుపుకి కొట్టుకుందనీ తలుచుకుని తలుచుకుని కుళ్లిపోయింది. సరిగ్గా అదే క్షణంలో ఇంట్లో ఇద్దరు కాళ్లూ చేతులూ ఉన్న మనుషులు ఉన్నారన్న ఆలోచన దరిదాపులకి కూడా రాలేదు.

బుధవారం ల్యాబులో, ఒక టైలరు తాత చేతికి రబ్బరు పట్టీ కట్టి రక్తం తీసింది. అలవాటు ప్రకారం పట్టీ లాగి విప్పింది. పద్నాలుగేళ్లలో కట్టిన పట్టీ విప్పకుండా ఏనాడూ ఒక్క చేతినీ వదల్లేదు, యజమాని కూడా ఆ మాట ఒప్పుకుంటాడు. విప్పిన పట్టీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తన మణికట్టు వైపు చూసుకుంది. ఖాళీగా ఉంది.

"ఏమైందమ్మా సూదమ్మా, రక్తం రాలేదా?" అన్నాడు తాత.

కొమ్మ. కొమ్మ విప్పలేదు. గూడు మొత్తం ఎండకీ, ఆకాశానికీ బట్టబయలుగా ఉంది.

"ఒక్క అరగంట వెళ్లొస్తానండీ" అని యజమానిని అడిగింది. "నిన్న గంట ఆలస్యం. ఇవాళ అరగంట. ఇల్లు చూసుకోవాలంటే ఇంట్లోనే ఉండమ్మా" అన్నాడాయన, తలెత్తకుండా. సాయంత్రం వెళ్దామనుకుంటే గేటు దగ్గర భర్త బండి మీద సిద్ధంగా ఉన్నాడు. ఎన్నడూ లేనిది దింపడాలూ ఎక్కించుకోవడాలూ మొదలయ్యాయి, కాపలానో ప్రేమో ఆయనకే తెలియాలి. బండి గిడ్డంగి సందు ముందు నుంచే వెళ్లింది. 'కాస్త ఆపండి' అనడానికి నోరు తెరిచింది. ఎందుకంటే ఏం చెప్పాలి? పిట్టగూడు మీద కొమ్మ విప్పాలని చెప్పాలా? నిన్ననే కదా ఒట్టేసినంత పని చేసింది! అత్తగారి బొప్పి కళ్లముందు ఆడింది. నోరు మూసుకుంది. సందు వెనక్కి వెళ్లిపోయింది. గురువారం పొద్దునా అంతే, సాయంత్రమూ అంతే. ఆ రెండు రాత్రులూ పప్పు మాడింది, కూరలో ఉప్పు రెండుసార్లు పడింది, "దిగులు పెట్టుకోకు, నాకు తగ్గిపోయిందిలే" అని అత్తగారే ఓదార్చింది. ఆ ఓదార్పు ఆమెని ఇంకా తినేసింది.

శుక్రవారం ఆరు కాకముందే, ఎవరికీ చెప్పకుండా గేటు తీసుకుని వెళ్లిపోయింది.

నీలం బ్యాండు కట్టినచోటే ఉంది. గూడు ఒక పక్కకి ఒరిగి ఉంది. లోపల ఏమీ లేదు. పిట్ట తీగ మీద ఉంది, ముక్కున పచ్చపురుగు పట్టుకుని. గూటి అంచుకి వచ్చి వాలింది, లోపలికి చూసింది, మళ్లీ తీగ మీదికి వెళ్లింది. మళ్లీ వచ్చింది, చూసింది. పురుగుని మింగనూ లేదు, వదలనూ లేదు. సూదమ్మ కెమెరా పైకెత్తలేదు. బ్యాండు విప్పింది. కొమ్మ చటుక్కున వెనక్కి వచ్చి ఆ ఖాళీ గూడుని చక్కగా కప్పేసింది.

గట్టు మీద కూలబడి మంగళవారం ఫొటో తెరిచింది. మూడు నోళ్లు, బంగారంలాంటి ఎండ. పెద్దది చేసి చూసింది. పైమూల, గోడ మీద, మసగ్గా నల్లటిదేదో ఉంది. కాకి. తను గూడు చూస్తున్నప్పుడు అదీ చూసింది. తను తెరిచిపెట్టిందే చూసింది. సూదమ్మ ఆ ఫొటో చెరిపేయబోయి, ఆగింది. చెరిపేస్తే ఈ పని చేసింది ఎవరో ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు.

అక్కడ కూర్చుని ఏడుస్తుంటే ఆమెకి ఒక విషయం అర్థమైంది. అర్థమవడం కూడా మెల్లగా, సూది దిగినట్టు. ఇన్నేళ్లుగా మాడిన పప్పుకీ, ఆలస్యమైన టిఫిన్‌కీ, పేపరు కింద దాగిన డబ్బాకీ, ఎవరెవరి మరుపుకీ ఆమె తప్పయిపోయిందంటూ వచ్చింది. వాటిలో చాలావరకు తను చేసినవి కావు. ఇదిగో, ఇది చేసింది. దీనికి మాత్రం ఎవరూ తిట్టలేదు. పైగా, తనవి కాని తప్పులకి తలవంచుకుని కూర్చోవడం వల్లనే, తన తప్పు దిద్దుకోవడానికి రెండడుగుల దూరం రాలేకపోయింది. బుధవారం సాయంత్రం బండి ఆపమని ఉంటే పిల్లలు బతికేవేమో. ఆ 'ఏమో' ఆమెని జన్మంతా వదలదు.

ఇంటికి వచ్చేసరికి ఏడు దాటింది. ముగ్గురూ వంటింటి బల్ల దగ్గరే ఉన్నారు, కూతురు కలిపిన నాలుగు కప్పుల టీ ముందు పెట్టుకుని.

"మళ్లీ వెళ్లావా?" అన్నాడు భర్త.

"తప్పు చేశానండీ" అంది సూదమ్మ.

ఆయన మెత్తబడ్డాడు. "సర్లే, తెలుసుకున్నావు కదా. ఏడవకు. రేపట్నుంచి మానెయ్."

"మీ దగ్గర చేసిన తప్పు కాదు" అని, కొమ్మ సంగతంతా చెప్పింది. కూతురు టీకప్పు కింద పెట్టేసింది. భర్త ఆమెని వింతగా చూశాడు. "పిట్టపిల్లల కోసమా ఇంత ఏడుపు?"

అత్తగారు మాత్రం, "కట్టిన కొమ్మ విప్పేశావా?" అని అడిగింది.

"విప్పాను అత్తయ్యా."

"మళ్లీ గుడ్లు పెట్టుకుంటుందిలే అది. ఈసారి దూరంగా నిలబడి చూడు."

ఈసారి. ఆ మాట విని సూదమ్మ కళ్లు తుడుచుకుంది. ఫ్రిజ్ మీద పేపరు మళ్లీ ఉంది. దాన్ని తీసి భర్త ఒళ్లో పెట్టింది, దాని మీద మాత్రల డబ్బా పెట్టింది. "పసుపుది టిఫిన్‌కి ముందు, తెల్లది తర్వాత. రోజూ పొద్దున మీరే ఇవ్వాలి. ఆరింటికి నేను ఇంట్లో ఉండను."

"ఇంత జరిగాక కూడానా?"

"కొమ్మ కట్టింది నేను. విప్పడానికి వెళ్లకుండా ఇంట్లో కూర్చుందీ నేనే. ఇంకోసారి కూర్చోలేను."

తన కప్పు దగ్గరికి లాక్కుంది. చక్కెర డబ్బా మూత తీసి, నిండుగా రెండు చెంచాలు వేసి కలపసాగింది.

"అయ్యో, నీకు షుగర్ కదమ్మాయ్!" అంది అత్తగారు, కంగారుగా చెయ్యి చాపి.

"లేదత్తయ్యా" అంది సూదమ్మ. "ఎప్పుడూ లేదు."