కంకణం కట్టిన మైకు

మల్లన్న ముందు ముగ్గుల పట్నాలు వేసే పండుగనాడు కులపెద్ద హనుమండ్లు చేతులు చూస్తేనే దశరథానికి రోత పుట్టింది. నూనె, పసుపు, తంబాకు గోళ్ల సందుల్లో పేరుకుపోయిన ఆ చేతులతో ఆయన దశరథం మైకు మిషన్ను పెళ్లికొడుకును నిమిరినట్టు నిమురుతున్నాడు.

"కొత్త సామాను. కంకణం కట్టకుండ మల్లన్న ముంగట పెడ్తార్రా?" అన్నాడు హనుమండ్లు.

దశరథం బెల్లంపల్లి బొగ్గుబాయిలో కరెంటు పని చేస్తాడు. పాత రేడియోల్లోంచి వాల్వులు ఏరి, ఒక చెక్కపలక మీద ఆ మిషన్ను సొంతంగా కట్టాడు. సరదాకు కట్టింది కాదు. తండ్రి రాజయ్య ఒగ్గుకథ చెబుతాడు. రెండేళ్లుగా గొంతు పడిపోయి, పక్కనున్నవాడికి తప్ప వినిపించదు. ఈసారి కూడా కథ జనానికి అందకపోతే వచ్చే ఏడు చెన్నూరు మేళాన్ని పిలుస్తామని పెద్దలు ముఖం మీదే చెప్పారు. ఆ చెప్పినవాళ్లలో మొదటివాడు హనుమండ్లే.

మొదట్లో ఆ మిషను స్విచ్చు వేస్తే చాలు, ఊళ పెట్టేది. ఎండాకాలమంతా దానితో కుస్తీ పడితే తేలింది ఒక్కటే: మైకు నుంచి వచ్చే తీగ, లౌడ్‌స్పీకరుకు పోయే తీగ దగ్గర దగ్గర ఉండకూడదు. ఉంటే బయటికి పోవలసింది మళ్లీ లోపలికే దూరి, తనను తానే పెంచుకుంటూ పోతుంది. అందుకని ఒకదాన్ని కుడి అంచున, ఇంకొకదాన్ని ఎడమ అంచున మేకులకు తగిలించాడు. చూడ్డానికి కోడి కెలికిన కుప్పలా ఉంటుంది. ఉండనీ, పనిచేస్తే చాలదా?

పెద్దమనిషికి ఆ కుప్ప కంటికి నచ్చలేదు. దశరథం మంచినీళ్లకని అటు పోగానే తీగలన్నీ మేకుల నుంచి ఊడదీసి, ఒక్క కట్టగా కూర్చి, పసుపుదారంతో బిగించి ముడేశాడు.

రాజయ్య గజ్జెలు కట్టుకుని, స్విచ్చు వేయించి మైకు ముందు నిలబడ్డాడు. నోరు తెరవకముందే లౌడ్‌స్పీకరు చెవులు చిల్లులు పడేలా కూసింది. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎవడో అప్పుడే చెన్నూరు మేళం పేరెత్తాడు. రాజయ్య తల దించుకుని నేల చూస్తూ నిలబడిపోయాడు.

దశరథం ఉరికొచ్చి దారం చూశాడు. ఒళ్లు మండింది.

"కాకా, గీ దారం తియ్యాలె. తీగలు ఒక్కతాన ఉంటె గిట్లనే ఒర్లుతది."

"పట్నం తొక్కకముందే కంకణం తెంపుతవా? నీ డబ్బ కరాబుంటె దారాన్ని అంటవేందిరా?" అని కసిరి, హనుమండ్లు గుప్పెడు బండారి తీసి మిషను మీద చల్లాడు. కాలుతున్న వాల్వుల మీద పసుపు మాడి కంపు లేచింది. దశరథం ముక్కు మూసుకున్నాడు. ఇంత తెలివితక్కువతనానికి ఇంత పెద్దరికమా అనుకున్నాడు.

వాదించి లాభం లేదు. స్విచ్చు ఆపి, మైకు తీగ కొసను ఊడదీశాడు. దారం తెగకుండా, ముడి కదలకుండా, ఆ ఒక్క తీగను కట్టలోంచి మెల్లగా లాగి ఎడమ అంచు నుంచి తిప్పి మళ్లీ బిగించాడు. స్విచ్చు వేశాడు. వాల్వులు ఎర్రబడ్డాయి. కూత లేదు.

"చూసిండ్లా? బండారి పడ్డది, నోరు మూసింది," అన్నాడు హనుమండ్లు.

జనం చేతులు జోడించారు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు. దశరథం అసలు సంగతి చెప్పబోయాడు. అప్పటికే రాజయ్య మైకు దగ్గరికి వంగాడు.

"ముందుగాల మా హనుమండ్లన్నకు దండాలు. ఆయన చేతి చలువతోనే నా గొంతు ఇయ్యాల మీకు ఇనబడుతున్నది."

ఎక్కడా గరగర లేదు. రెండేళ్ల తర్వాత ఆ గొంతు బొగ్గుబాయి కాలనీలో చివరి వరుస ఇళ్ల దాకా, ఒక్క అక్షరం పోకుండా వినిపించింది. స్విచ్చు మీద చెయ్యి ఉన్నా ఆపడానికి మనసొప్పక, దశరథం పక్కకు తిరిగి ఉమ్మేశాడు.