ఫొటోలో మిగిలిన చేయి

"పొట్ట కనిపిస్తోంది, ఇంకోటి చూడు" అన్నాడు భర్త, అద్దం ముందు మీసం సర్దుకుంటూ. ఆయన పేరున్న వయొలిన్ విద్వాంసుడు. ఒక సంగీత వెబ్‌సైట్ వాళ్లు ఆయన జీవిత చరిత్ర పెడుతున్నారు. పైన వేయడానికి సాయంత్రంలోగా మంచి ఫొటో ఒకటి పంపమన్నారు. వాళ్లు అడిగింది ఆయన్ని. పొయ్యి మీద కూర మాడకుండా ఒక కన్నేసి ఉంచి, ఫొటోలు వెతుకుతున్నది మాత్రం ఆమె.

ముప్పయ్యారు చూపించింది. ఒకదాంట్లో బట్టతల మెరుస్తోందట, ఇంకోదాంట్లో నిద్రమొహంలా ఉందట. అత్తగారు కళ్లజోడు సవరించుకుని తీర్పు చెప్పింది. "మావాడు ఎటునుంచి చూసినా అందగాడే. నీకే తీయడం చేతకాలేదు." నిజమే, వాటిలో చాలావరకు తీసింది ఆమే. చొక్కా ఇస్త్రీ, వేదిక పక్కన నీళ్ల సీసా, వచ్చే ఉత్తరాలకు జవాబులు, అన్నీ ఆమె పనులే. "మా ఆవిడ ఉండగా నాకేం లోటు" అని ఆయన నలుగురిలో అంటుంటాడు. విన్నవాళ్లు ఆమె అదృష్టానికి మురిసిపోతుంటారు.

చివరికి అందరికీ నచ్చింది ఒక్కటే. పదకొండేళ్ల కిందట ఒక కచేరీలో హాలువాళ్లెవరో తీసింది. ఆయన వయొలిన్ దించి, తల వంచి, ఒళ్లు మరిచి వింటున్నాడు. ఆ మొహంలో అంత వెలుగు ఆమె మళ్లీ చూడలేదు. ఆయన వింటున్నది ఆమె పియానోని. అప్పట్లో కచేరీల్లో ఇద్దరూ సమానంగా వాయించేవాళ్లు. పిల్ల పుట్టాక "కొన్నాళ్లు ఆగు" అన్నారు తల్లీకొడుకులు. ఆ కొన్నాళ్లు ఎప్పుడు పూర్తవుతాయో వాళ్లు చెప్పలేదు, అడగడానికి ఆమెకూ నోరు రాలేదు.

"ఇది అదిరింది. నిన్ను కత్తిరించెయ్" అన్నాడాయన. "నా చరిత్ర కదా, ఇద్దరుంటే చూసేవాళ్లు తికమక పడతారు."

కత్తిరించింది. మొహం పోయింది, భుజం పోయింది. మీటల మీది చేయి మాత్రం పోలేదు. దాన్ని తీసేస్తే ఆయన వయొలిన్ కొస తెగిపోతోంది. తనను తాను ఇంత శ్రద్ధగా చెరుపుకుంటున్నందుకు ఆమెకు తన మీదే ఒళ్లు మండింది.

"చేయి ఉంటే ఉండనీ. ఎవరిదో ఎవడికి తెలుస్తుంది?" అన్నాడాయన. పంపించేసింది.

అరగంటలో సైట్ సంపాదకురాలు జవాబు రాసింది. ఫొటో చాలా బాగుందట. ఏ కొంచెం కనిపించినా సరే, అందులో ఉన్న ప్రతి మనిషి సమ్మతీ తీసుకోవడం తమ పద్ధతట. "ఆ పియానో వాయిస్తున్నది ఎవరు? వారిచేత ఈ ఫారం నింపించి పంపుతారా?"

"నువ్వేగా, టిక్కు పెట్టి పడెయ్" అని ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

పేరుకు ఒక గీత, కింద రెండు గళ్లు. ఇష్టమే. ఇష్టం లేదు. ఈ ఇంటికి వచ్చాక దేనికైనా రెండో గడి ఉంటుందని ఆమెకు తెలియనే తెలియదు. స్టవ్ ఆపేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని తన పేరు పూర్తిగా రాసింది. ఆ రెండో గడిలో టిక్కు పెట్టింది, పంపింది.

"ఇంకా తెమల్లేదా ఆ ఫొటో?" అని గదిలోంచి అత్తగారు కేకేసింది.

"తెమిలింది అత్తయ్యా. నేను ఒప్పుకోలేదు."