అంటు రోజుల్లో సిద్ధమ్మ మోచెయ్యి

పుత్తూరులో కట్టు విప్పాక సిద్ధమ్మ కుడి మోచెయ్యి సగం వంగి ఆగిపోయింది. చెరకు బండి మీదనుంచి పడి విరిగిన ఎముక అతుక్కుంది గానీ, ముద్ద నోటిదాకా రాదు. ఎడమచేత్తో తినబోతే ఆమెకు అన్నం సయించేది కాదు.

"కండ బిగుసుకోనుండాది," అన్నాడు కట్టు కట్టిన ఏకాంబరం. "పొద్దన, మాపున నూనె పట్టి రుద్దాల, వంచాల. నొప్పని నిలిపినావా, ఇంక ఇంతే ఈ చెయ్యి."

ఆ పని భర్త మునస్వామి మీద పడింది. అరుగు మీద కూర్చోబెట్టి నువ్వులనూనె పట్టించేవాడు. మోచేతి పైన గట్టిపడిన చోటు బొటనవేలితో వెతికి, అది మెత్తబడేదాకా నొక్కేవాడు. తర్వాతే వంచేవాడు. దారిన పోయే సుందరరాజు ఊరుకుంటాడా?

"ఏమబ్బా మునస్వామీ, సేతులేనా, కాళ్లు గూడా పిసకతావా?"

"నీకూ ఇరిగితే సూద్దాం, మీ ఆడామె పిసకతాదో లేదో," అనేది సిద్ధమ్మ, పళ్లు బిగించి.

చెయ్యి కొంచెం వంగుతోందనగా మునస్వామి పెదనాయన పోయాడు. అందరిదీ ఒకే ఇల్లు. అంటు వచ్చింది. పెద్దకర్మ అయ్యేదాకా ఒంటికి నూనె తగలకూడదు. మర్నాడు మునస్వామి నూనెగిన్నె తీస్తే, గోడ పక్కన పడుకుని ఉన్న పెద్దమ్మ నాగులమ్మ లేచి కూర్చుంది.

"మీ పెదనాయన బూడిద ఇంకా సల్లారలా. నా కండ్ల ముందరే నూనె పూసుకుంటారా?"

మునస్వామి గిన్నె దించి పెళ్లాం వైపు తిరిగాడు. "పోనీలేమ్మే, కర్మ అయినాక సూద్దాం."

"అప్పటికి ఇది కొయ్యయి పోతాది." సిద్ధమ్మ నాగులమ్మ వైపు తిరిగింది. "అత్తా, నూనె ముట్టను. మామ మింద ఒట్టు. సెయ్యి మాత్రం నిలపను."

నూనె లేకుండా రుద్దితే చర్మం ఎర్రబడి మండింది. సిద్ధమ్మ ఎడమచేత్తోనే తవుడు వేయించి, పాతగుడ్డలో మూట కట్టించుకుంది. ఆ వేడి మూటతో కాపితే కండ వదులైంది. గుడ్డ మీదనుంచే మునస్వామి నొక్కి, వంచాడు. ఆమె కేక పెట్టింది.

"సావు ఇంట్లో ఇదేం అరుపే?" అంది నాగులమ్మ.

"అందురూ ఏడస్తానే ఉండారు గదత్తా, నాది యాడ ఇనపడతాది?"

వినపడింది. పలకరింపుకు వచ్చిన వరదమ్మ, "అయ్యో, మామంటే ఎంత ప్రేమో సూడు," అని కళ్లొత్తుకుంది. నాగులమ్మ కాదనలేదు. పొద్దూ మాపూ ఆ కేక వినిపిస్తూనే ఉంది.

పెద్దకర్మ నాడు విస్తరి ముందు సిద్ధమ్మ కుడిచేత్తో ముద్ద కలిపింది. చెయ్యి గడ్డం కిందే ఆగింది. మునస్వామి చూపు తిప్పుకున్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి ఇంకాస్త వంచింది. మెడ ముందుకు చాచి ముద్ద అందుకుంది. చారు మోచేతిదాకా కారింది.

"కోడి మాదిరి మెడ సాపి తింటా ఉండావే," అంది నాగులమ్మ.

"రేపట్నించి నూనె పట్టచ్చు గదత్తా. మెడ సాపకుండా తినేదాకా ఇడిసిపెట్టేది లేదు," అంటూ సిద్ధమ్మ ఇంకో ముద్ద కలిపింది.