హ్వాజా ఒక్కతే వచ్చింది

నలభై క్యాబేజీలు ఉప్పులో వేశాను. ఒక్కదాన్ని, నాకు ఎనిమిది చాలు. అయినా నలభై వేశాను. పొగరు అనుకోండి. నిజం చెప్పాలంటే భయం.

ఇంచాన్ ఊళ్ళో మా పాత అపార్ట్‌మెంట్లలో నవంబరు వచ్చిందంటే ఒకరింట్లో చలికాలానికి సరిపడా కిమ్చి ఊరగాయ పెట్టే రోజు అందరి రోజూ అన్నట్టే. ఈ వారం నీ ఇల్లు, వచ్చే వారం నా ఇల్లు. మేం ఐదుగురం ఆడవాళ్ళం, ఇరవై రెండేళ్ళు అలాగే నడిచింది. ఈ ఏడు మిగతా నలుగురి ఇళ్ళలోనూ అయిపోయింది. నన్నెవరూ పిలవలేదు. మెట్ల మీద వెల్లుల్లి వాసన వస్తే తెలిసింది.

అయినా సిగ్గు లేకుండా ఫోన్లో మా గుంపుకి రాశాను: "శనివారం మా ఇంట్లో. నలభై." ఉప్పులో పడ్డ క్యాబేజీ ఎవరి కోసమూ ఆగదు. మర్నాడు కడిగి, కారం పట్టించి, డబ్బాల్లో పెట్టేయాల్సిందే. అది తెలిసిన ఆడది ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోలేదని నా ధీమా. నలుగురూ చదివారు. ఒక్కరూ జవాబివ్వలేదు.

వాళ్ళననడానికి నాకు నోరెక్కడిది? మూడేళ్ళ క్రితం ఎంజైమ్ పొడి అమ్మే గొలుసుకట్టు కంపెనీ ఛే మేనేజరమ్మ నన్నొక హాల్లో కూర్చోబెట్టి, తెల్లకాగితం ఇచ్చి, తెలిసినవాళ్ళ పేర్లు వంద రాయమంది. మా ఆయన పోయి అప్పటికి ఏడాది. వారమంతా నాతో మాట్లాడే మనిషి లేదు, ఆవిడేమో నన్ను "గుమ్‌ర్యే గారూ" అని పిలిచి చెయ్యి పట్టుకుంది. రాశాను. మొదటి పేరు మా ఐదుగురిలో హ్వాజాది.

ఆ తర్వాత నాకు మనుషులు మనుషుల్లా కనబడలేదు. ఎవరైనా మోకాలు నొప్పి అంటే లోపల సంతోషమేసేది. అవును, సంతోషమే. ఎంజైమ్ పొడి అంటగట్టొచ్చు కదా! ఒక ఏడాది కిమ్చి పెట్టేటప్పుడే మొదలుపెట్టాను. అందరూ చాప చుట్టూ కూర్చుని, మోచేతుల దాకా కారం పూసుకుని ఉన్నారు. ఎవరూ లేచి పారిపోలేరు. గంటసేపు వాయించాను. చేతులు కడుక్కున్నాక సభ్యత్వ కాగితాల మీద సంతకాలు పెట్టించాను.

నెలనెలా ఇంత సరుకు కదలకపోతే హోదా పోతుంది. హోదా పోతే అంతవరకూ పెట్టిందంతా గంగపాలే. అందుకని నా సరుకు నేనే కొనుక్కున్నాను. ఇంటి ఓనరు దగ్గరున్న అద్దె డిపాజిట్లోంచి మూడు కోట్ల వాన్‌ల డబ్బు తీసేసి, రెండో అంతస్తు నుంచి అదే భవనంలో సగం నేలలోకి దిగిన వాటాలోకి మారాను. మా అబ్బాయి జిన్‌ఉక్‌కి చెప్పకుండా వాడి పేరు మీద కూడా ఒక సభ్యత్వం తీశాను. వాడిప్పుడు నా ఫోనెత్తడు. మార్చిలో అంతా మానేశాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికైనా ఎవరో ఒకరు తలుపు తియ్యాలిగా.

శనివారం పది దాటింది. ముల్లంగి ఒక్కదాన్నే తరుగుతున్నాను. తలుపు చప్పుడైంది.

హ్వాజా. సొంత ఏప్రన్, సొంత రబ్బరు తొడుగులు తెచ్చుకుంది.

"ఏంటక్కా ఇది? సైన్యానికి వంటా?" అంది క్యాబేజీలతో నిండిన స్నానాలగది తొట్టిలోకి తొంగి చూసి.

"నీ ఒక్కదాని నోటికే సగం చాలవు," అన్నాను.

"ముల్లంగి ఇంత లావుగానా తరిగేది? ఎవరు నేర్పారమ్మా నీకు?"

"నువ్వే."

"అయితే నాదే పొరపాటు." నా చేతిలో కత్తి లాక్కుంది.

నవ్వాను. ఎన్నాళ్ళకి నవ్వానో! ఇద్దరం చాప మీద కూర్చుని ఆకు ఆకు మధ్యా కారం పట్టించాం. తను వాళ్ళమ్మాయి సోరా ఉద్యోగం సంగతి చెప్పింది, పై అంతస్తులో కుక్క గోల చెప్పింది. మిగతా ముగ్గురి ఊసెత్తలేదు, నేనూ అడగలేదు. హ్వాజా ఉంటే చాలు, మిగతావాళ్ళు మెల్లిగా వస్తారులే అనుకున్నాను. అలా అనుకుంటూ ఇరవై క్యాబేజీలు పూర్తి చేశాను.

మధ్యాహ్నం పంది మాంసం ఉడికించి పెట్టాను. తినడానికి బల్ల దగ్గరికి జరుగుతూ హ్వాజా మోకాలు పట్టుకుని "అబ్బా" అంది.

ఒట్టు, ఈసారి నాకు సంతోషం వెయ్యలేదు. మూడేళ్ళలో మొదటిసారి ఎదుటిమనిషి నొప్పి నాకు నొప్పిగానే తగిలింది. అది నాకే ఎంత తేలికగా అనిపించిందంటే, ఆలోచించకుండా లేచి, లోపలి గదిలో గోడవారగా పేర్చిన పెట్టెల్లోంచి నాలుగు పొట్లాలు తెచ్చి తన పళ్ళెం పక్కన పెట్టాను.

"ఊరికే తీసుకోవే. అమ్మడం మానేశాను. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో..."

హ్వాజా చాప్‌స్టిక్స్ కింద పెట్టింది.

"మొదటిసారి కూడా ఊరికేనే ఇచ్చావక్కా."

"అది వేరు. ఇప్పుడు నిజంగా..."

"అప్పుడు కూడా నిజంగానే అన్నావు." కోపం లేదు తన గొంతులో. ఉంటే బాగుండును. "నేను ఎనభై లక్షల వాన్‌లు ఆ పొడిని చూసి పెట్టలేదు. నువ్వు చెప్పావని పెట్టాను. మా ఆయనకి ఇప్పటికీ తెలీదు. ఇవాళ నువ్వు మంచినీళ్ళిచ్చినా, ఇందులో ఏముందోనని చూస్తున్నానక్కా. ఏం చెయ్యను?"

తను లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. తొడుగులు వేసుకుని మళ్ళీ చాప మీద కూర్చుంది. మిగిలిన ఇరవై క్యాబేజీలూ పూర్తి చేశాం. చాప కూడా తనే కడిగింది.

నేను రెండు పెద్ద డబ్బాలు నింపి గుడ్డలో మూట కట్టాను. పనికొచ్చినవాళ్ళ వాటా అది, ఎవరూ కాదనరు. హ్వాజా గుమ్మంలో బూట్లు వేసుకుంటోంది.

"వద్దక్కా."

"వద్దేంటే? పొద్దుట్నించీ నడుం విరగ్గొట్టుకుని!"

"మా ఆయన ఆపరేషనప్పుడు నువ్వొచ్చి మా ఇంటి కిమ్చి అంతా ఒక్కదానివే పెట్టావు. నేను ఆస్పత్రిలో ఉన్నాను. అది నా మనసులో ఉండిపోయింది. అందుకే వచ్చాను." జిప్పు పైకి లాక్కుంది. "ఆ రోజుకి ఈ రోజు."

"మరి వచ్చే ఏడు?"

"జాగ్రత్తక్కా," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మూట చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇన్నేళ్ళూ మాలో ఎవరో ఒకరికి ఎవరో ఒకరు ఒక రోజు పని బాకీ ఉంటూనే వచ్చాం. ఎవరికీ తీర్చే తొందర లేదు, దాన్ని పట్టుకునే మళ్ళీ మళ్ళీ కలిశాం. హ్వాజా ఇవాళ తనది తీర్చేసింది. ఇక మా ఇంటికి తను రావలసిన పని లేదు.